కెమెరా సెన్సర్ నేనే శుభ్రం చేసుకున్నాను: నల్లగొండలో ఆ పన్నెండు రోజులు

ఫిబ్రవరి 9, ఆదివారం. పొద్దున్నే ఉదయసముద్రం కట్ట మీద తీసిన ఫొటోలను ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో తెరిచాను. ఆకాశంలో నల్లగా ఏవో కనిపించాయి. దూరంగా ఎగిరే పిట్టలనుకున్నాను. తర్వాతి ఫొటోలో కూడా అవి అక్కడే ఉన్నాయి. ఆ తర్వాతి దాంట్లోనూ అక్కడే. లెన్స్ మార్చి మేడ మీద నుంచి ఇంకో ఫొటో తీశాను. అవే మచ్చలు, అదే చోట. అంటే మురికి లెన్స్ మీద లేదు, కెమెరా లోపల ఫొటోను పట్టే సెన్సర్ మీద ఉంది. జూమ్ చేసి లెక్కపెడితే 27 తేలాయి.

ఎక్కడ పట్టిందో వెంటనే గుర్తొచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే చెర్వుగట్టు జాతరకు పోయాను. తెల్లవారుజామున అగ్నిగుండాలు, జనం, గట్టు కింద బండ్ల దుమ్ము, గాలికి లేచే బూడిద. ఆ గుంపులోనే నిలబడి 18-55 లెన్స్ తీసి, దూరంవి తీసే 55-250 పెట్టాను. కెమెరా నోరు పైకి తెరిచి పట్టుకున్నాను. పది సెకన్లు కూడా పట్టి ఉండదు, కానీ అంత బూడిదలో అదే చాలా ఎక్కువ.

నాది కెనాన్ 700డి. 2014లో అమ్మ చిట్టీ ఎత్తి ఇచ్చిన డబ్బుతో కొన్నది. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు కూడా లేదు. పైగా ఫిబ్రవరి 23న మిర్యాలగూడలో మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థం, ఫొటోలు నేనే తీస్తానని మాటిచ్చాను. మా బావ దేవరకొండలో పెళ్ళి ఫొటోలు తీస్తాడు గానీ, ఆ రోజు ఆయనకు వేరే ముహూర్తం ఉంది. చేతిలో సరిగ్గా రెండు వారాలు.

ఆ సాయంత్రమే నేను పెద్ద తప్పు చేశాను. ఇది చదివేవాళ్ళు అది చేయకూడదనే ముందుగా చెబుతున్నాను. మెనూలో సెన్సర్ క్లీనింగ్‌కు పోయి 'క్లీన్ నౌ' నొక్కాను. సెన్సర్ ముందున్న గాజు సన్నగా వణికి దుమ్ము దులుపుకునే ఏర్పాటు అది. బల్ల మీద నిటారుగా పెట్టి చేస్తే బాగా పనిచేస్తుందని మాన్యువల్‌లో ఉంది. పదిసార్లు నొక్కితే 27 కాస్తా 22 అయ్యాయి. ఓపిక నశించి 'క్లీన్ మాన్యువల్లీ' ఎంచుకున్నాను. అద్దం పైకి లేచి, సెన్సర్ ముందుండే తెర, షట్టర్, తెరుచుకుంది. పచ్చగా, నీలంగా మెరుస్తూ సెన్సర్ కనబడింది. దగ్గర పెట్టుకుని నోటితో ఫూ అని ఊదాను.

తర్వాత తీసిన ఫొటోలో 22 చుక్కలతో పాటు అంచులున్న గుండ్రటి మరకలు నాలుగు వచ్చాయి. నా ఉమ్మి తుంపర్లు. పొడి దుమ్మైతే గాలికి పోతుంది, ఎండిన ఉమ్మి పోదు. రాత్రి పదిన్నరకు బావకు ఫోన్ చేశాను.

"నోటితోని ఊదినవా? ఎందుకట్ల జేసినవ్ రా! అండ్ల ఇగ ఏం ముట్టకు. బ్లోయర్ కొనుక్కో, అప్పటిదాంక మూత పెట్టి పక్కన వెట్టు."

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అమ్మ కట్టిన చిట్టీ డబ్బులే కళ్ళ ముందు తిరిగాయి.

10వ తేదీ సాయంత్రం గడియారం సెంటర్ దగ్గర ఒక షాపుకు తీసుకెళ్ళాను. అక్కడున్నతను లెన్స్ తీసి, లోపలికి చూసి, జేబులోంచి రుమాలు తీశాడు. "వద్దన్నా" అని కెమెరా లాక్కున్నంత పని చేశాను. అతను కోపం తెచ్చుకోలేదు. "రోజూ గిట్లనే తుడుస్తం" అన్నాడు. 11న హైదరాబాద్‌లోని ఒక సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. స్వయంగా తెచ్చి ఇవ్వాలట. ఐదు నుంచి ఏడు పనిదినాలు పడుతుందట. సుమారు 1,500 రూపాయలు, చూశాక ఇంకేమైనా ఉంటే అదనం. ఇవ్వడానికోసారి, తేవడానికోసారి రెండు రోజులు సెలవు, బస్సు చార్జీలు. అన్నీ కలిపితే రెండున్నర వేలు దాటుతుంది. 23కు చేతికి వస్తుందన్న గ్యారంటీ మాత్రం వాళ్ళివ్వలేదు.

ఆ రాత్రి మాన్యువల్‌లో ఆ భాగం మళ్ళీ మళ్ళీ చదివాను. బ్లోయర్ తప్ప ఇంకేదీ వాడొద్దని, దానితో పోకపోతే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వమని ఉంది. అంటే తడి స్వాబ్‌తో, చివర మెత్తటి గుడ్డ ఉన్న చదునైన పుల్లతో, తుడవడం కంపెనీ చెప్పిన పద్ధతి కాదు, పూర్తిగా మన పూచీ మీద చేసే పని. ఒక సంగతి మాత్రం ధైర్యమిచ్చింది. మనం ముట్టుకునేది అసలు సెన్సర్‌ను కాదు, దాని ముందుండే ఫిల్టర్ గాజును. బావ ఏళ్ళ తరబడి అలాగే తుడుస్తున్నాడు. పెద్ద బ్లోయర్ 380, మైక్రోఫైబర్ గుడ్డలు 150, స్వాబ్‌లూ ద్రవమూ కలిపి 950 పెట్టి ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాను.

14న బ్లోయర్, గుడ్డలు వచ్చాయి. రబ్బరు బుడ్డి, ముందు పొడుగాటి ముక్కు. మొదట కెమెరాకు దూరంగా పది పదిహేనుసార్లు గట్టిగా నొక్కి, బుడ్డిలో ఉన్న పౌడరూ దుమ్మూ బయటికి పోనిచ్చాను. కెమెరా నోరు నేలవైపు తిప్పి పట్టుకుని కింది నుంచి కొట్టాను. రాలిన దుమ్ము మళ్ళీ లోపలే పడకూడదు కదా. బ్లోయర్ ముక్కు లెన్స్ బిగించే మౌంట్ రింగు దాటి లోపలికి పోకూడదు. ఆ సమయంలో బ్యాటరీ అయిపోతే షట్టర్ మూసుకుని ముక్కుకు తగిలి పాడవుతుంది. అందుకే బ్యాటరీ నిండా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోవాలి. డబ్బాల్లో అమ్మే గ్యాస్ స్ప్రేలు మాత్రం సెన్సర్ మీద కొట్టొద్దు, అవి ద్రవాన్ని కక్కితే ఆ మరక ఇంకా కష్టం.

మూడుసార్లు కొట్టాక, మరకలతో కలిపి 26 ఉన్నవి కాస్తా 9 అయ్యాయి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంకేం కొనకుండా ఈ 380 రూపాయలతో ఆగిపోయినా చాలామందికి పని అయిపోతుంది. నేను ఊదకుండా ఉంటే నాకూ అయ్యేదేమో. మిగిలిన వాటిలో నాలుగు నా ఉమ్మి మరకలే.

మచ్చలు చూసుకునే పద్ధతి కూడా చెప్పాలి. ఎపర్చర్, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం, బాగా సన్నటి ఎఫ్/22లో, కాంతి సున్నితత్వం (ఐఎస్ఓ) 100లో, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి మసకగా ఉంచి, మబ్బుల్లేని ఆకాశాన్ని గానీ తెల్లటి లాప్‌టాప్ తెరను గానీ తీయాలి. షట్టర్ నెమ్మదైనా, చెయ్యి కదిలినా ఫరవాలేదు, కదిలితేనే మంచిది. తెర మీది గీతలు చెరిగిపోతాయి, సెన్సర్ మీది మచ్చ మాత్రం చెక్కు చెదరదు. రంధ్రం పెద్దదయ్యే ఎఫ్/4లో తీస్తే అవే మచ్చలు దాదాపు కనిపించవు. దుమ్ము ఉండేది గాజు మీద, కాంతిని పట్టే పొర దాని వెనక. సన్నటి రంధ్రం నుంచి వచ్చే కాంతిలోనే దుమ్ము నీడ గట్టిగా పడుతుంది. మరొకటి నన్ను చాలాసేపు తికమక పెట్టింది. ఫొటోలో పైన కుడివైపు మచ్చ ఉందంటే, కెమెరా నోట్లోకి ఎదురుగా చూసినప్పుడు దుమ్ము ఉండేది కింద కుడివైపు. పైది కిందికి మారుతుంది, కుడి కుడిగానే ఉంటుంది. ఇది తెలియక మొదట బ్లోయర్ అంతా తప్పు మూలకే కొట్టాను.

15న స్వాబ్‌ల కోసం ఎదురుచూస్తూ బయటి భాగం శుభ్రం చేద్దామని కూర్చున్నాను. మెత్తటి పాత బ్రష్షుతో బటన్ల సందుల్లో, ఫ్లాష్ అంచుల్లో ఉన్న బూడిద దులిపాను. అంతవరకు బాగానే ఉంది. తర్వాత గుడ్డను నల్లా నీళ్ళలో తడిపి, పిండి, బాడీ అంతా తుడిచి, అదే గుడ్డతో లెన్స్ వెనక రింగు కూడా తుడిచాను. మా ఇంట్లో బోరు నీళ్ళు. బకెట్లకు, కుళాయిలకు తెల్లటి పొక్కు కట్టే నీళ్ళు. అరగంట తర్వాత నల్లటి బాడీ మీద తెల్ల చారలు తేలాయి. మర్నాడు పొద్దున కెమెరా ఆన్ చేసి బటన్ నొక్కితే ఫొటో పడలేదు. తెర మీద 'ఎర్ 01'. కెమెరాకూ లెన్స్‌కూ సంబంధం సరిగా లేదు, కాంటాక్టులు తుడవమని సందేశం.

గుండె జారిపోయింది. నా చేత్తో నేనే పాడుచేశాననుకున్నాను. బావ ఫోన్‌లో శాంతంగా చెప్పాడు. మొబైల్ రిపేరు షాపులో ఐపీఏ అడుగు, ఇస్తారని. ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ప్రకాశం బజార్‌లో 70 రూపాయలకు చిన్న సీసా దొరికింది. దూది పుల్లను కొద్దిగా తడిపి, లెన్స్ వెనకున్న బంగారు రంగు చుక్కలను, ఆ కాంటాక్టులనే, ఒక్కొక్కటిగా తుడిచాను. పుల్ల నల్లగా అయింది. పదేళ్ళ వేలి జిడ్డు, దాని మీద నిన్నటి నీళ్ళ పొర. కెమెరా వైపు ఉండే పిన్నులకు దూది పోగులు తగులుకుంటాయని, వాటిని మైక్రోఫైబర్ కొసతో మాత్రమే తాకాను. పది నిమిషాలు ఆరనిచ్చి ఆన్ చేస్తే టక్‌మని ఫొటో పడింది. ఆ టక్ శబ్దం విని వంటింట్లోంచి అమ్మ "అయిందా బిడ్డా?" అని అడిగింది. చారలకు ఆర్వో నీళ్ళు, కొంచెం ఓపిక సరిపోయాయి.

లెన్స్ ముందు గాజు తుడిచేటప్పుడే ఇంకో దెబ్బ తగిలింది. ముందు బ్లోయర్‌తో కొట్టి, ఆ తర్వాతే గుడ్డ. ఇసుక రేణువు ఉండగా తుడిస్తే గీతే పడుతుంది. ద్రవాన్ని గుడ్డ మీద ఒక చుక్క వేసుకోవాలి గానీ లెన్స్ మీద పోయకూడదు, అంచు సందుల్లోంచి లోపలికి దిగుతుంది. 55-250 అయ్యాక గాజు ఎలా ఉందో చూద్దామని ఒక పక్క నుంచి ఫోన్ టార్చ్ వేసి, ఇంకో పక్క నుంచి చూశాను. లోపల అంచున సాలెగూడులాంటి సన్నటి పోగులు. ఫంగస్.

ఆ లెన్స్‌ను రెండు వానకాలాలు బ్యాగులోనే ఉంచి, బీరువాలో బట్టల మధ్య, డాంబరు గోళీల పక్కన పెట్టాను. భద్రంగా దాచానని నా నమ్మకం. గుడ్డ బ్యాగు తేమను పట్టి ఉంచుతుంది, చీకటి, గాలాడదు, ఫంగస్‌కు అంతకంటే ఏం కావాలి? డాంబరు గోళీలున్న చోట కెమెరా పెట్టొద్దని నికాన్ మాన్యువళ్ళలో స్పష్టంగా రాసి ఉంటుంది. లోపలి గాజుల మధ్య పట్టిన ఫంగస్ ఇంట్లో తీసేది కాదు. ఆ లెన్స్‌ను విడిగా ఒక కవర్లో పెట్టి పక్కనుంచాను.

16న స్వాబ్‌లు వచ్చాయి. విప్పి చూస్తే ఒక్కోటి 24 మిల్లీమీటర్ల వెడల్పు. నా కెమెరా సెన్సర్ 22.3 పొడవు, 14.9 ఎత్తు. అంటే నాకు కావలసింది 16 మిల్లీమీటర్లది. 24 అంటే పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకు. అమ్మకం పేజీలో అన్ని కెమెరాలకూ సరిపోతుందని రాసి ఉంది, నేను కొలత చూడకుండా నొక్కేశాను. 17న వాపసు పెట్టి, 16 మిల్లీమీటర్లవి కొత్తగా ఆర్డర్ చేశాను. ధర 890. రోజుకు నాలుగుసార్లు ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునేవాడిని. 18 రాత్రి హైదరాబాద్, 19 రాత్రి కూడా హైదరాబాదే. 20 సాయంత్రం ఆరు గంటలకు డెలివరీ అబ్బాయి వచ్చాడు. ఆ రాత్రి చేయలేదు. స్కూల్లో రోజంతా పని చేసి వచ్చిన చేతులు కొంచెం వణుకుతున్నాయి. అలిసిపోయి ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

21 రాత్రి తొమ్మిదిన్నర. మా చిన్న గదిలో సాయంత్రమే తడిగుడ్డ పెట్టించాను. గంట ముందు ఫ్యాన్ ఆపేశాను. ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము గుర్తుంది కదా, అది తిరుగుతుండగా కెమెరా నోరు తెరవడమంటే చెర్వుగట్టులో తెరిచినట్టే. తలకు టవల్ చుట్టుకున్నాను. నేను తెప్పించిన ద్రవంలో మిథనాల్ ఉంది, త్వరగా నిప్పంటుకునేది, పీల్చితే మంచిది కాదు. దీపం, అగరుబత్తి ఏదీ లేకుండా చూసుకుని కిటికీ ఒక రెక్క తెరిచాను. బ్యాటరీ పూర్తిగా చార్జ్ చేసి పెట్టుకున్నాను.

ముందు మళ్ళీ బ్లోయర్. ఇది మానకూడదు. గట్టి రేణువు ఏదైనా ఉండి దాని మీద స్వాబ్ లాగితే ఆ గీతకు మందు లేదు. తర్వాత స్వాబ్ అంచున రెండు చుక్కలు వేసి, పది సెకన్లు ఇంకనిచ్చాను. ఎక్కువ పోస్తే అంచుల్లో నిలిచి మరక కడుతుందట. ఎడమ అంచున ఆనించి, కొంచెం వాల్చి, కుడి అంచుదాకా ఒకే ఊపులో లాగాను. మధ్యలో ఆగలేదు. స్వాబ్ తిప్పి, రెండో వైపుతో కుడి నుంచి ఎడమకు లాగాను. అంతే, ఆ స్వాబ్ చెత్తబుట్టకే. మళ్ళీ అదే వాడితే తీసిన దుమ్మును మళ్ళీ పూసినట్టు.

ఎంత బలం పెట్టాలన్నదే నా అసలు భయం. బావ చెప్పిన లెక్క చెబుతాను: తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో సన్నగా గీత గీసేంత. కాగితం మీద పది గీతలు గీసి చేతికి అలవాటు చేసుకున్నాకే స్వాబ్ పట్టుకున్నాను. ఆ రెండు లాగుడులూ కలిపి ఆరు సెకన్లు పట్టిందేమో. ఆరు సెకన్లూ ఊపిరి బిగబట్టి ఉన్నాను, మొదట భయంతో, తర్వాత మళ్ళీ తుంపర్లు పడతాయేమోనని.

ఆఫ్ చేసి, లెన్స్ పెట్టి, లాప్‌టాప్ తెల్ల తెర ఎదురుగా టెస్ట్ తీశాను. చుక్కలు 3కు తగ్గాయి. కానీ ఒక పక్క అంచున సన్నటి చార. ఆరిన ద్రవం గీత. రెండో స్వాబ్‌కు ఒకటే చుక్క వేశాను. చార పోయింది, రెండు చుక్కలు పోయాయి. నా ఉమ్మి మరకలు నాలుగూ లేవు. పైన కుడిమూల ఒక్క చుక్క మిగిలింది. మూడో స్వాబ్ తీసి చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత దాన్ని కవర్లో పెట్టేశాను.

అయిపోయిందనుకుని, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో చూస్తే మధ్యలో పెద్ద నల్ల పోగు! వెంటనే ఇంకో స్వాబ్ తీయబోయాను. బావకు ఫోన్ చేసి మంచి పని చేశాను. "ఫొటోల వడుతుందా? వడ్తలేదు గదా? అది పైన ఫోకసింగ్ స్క్రీన్ మీదిది. గాలి కొట్టి ఇడ్శిపెట్టు." వ్యూఫైండర్‌లో మనకు కనిపించే బొమ్మ పడే ఆ స్క్రీన్ మెత్తటి ప్లాస్టిక్, ద్రవం తగిలితే పాడవుతుంది. దాని కింది అద్దానికి మెరిసే పూత పైవైపే ఉంటుంది, గుడ్డ తగిలినా గీతే. రెండుసార్లు బ్లోయర్ కొడితే పోగు పక్కకు జరిగింది. అక్కడే ఉంది, ఉండనీ. పడుకునేసరికి పన్నెండయింది. ఆ రెండు వారాల్లో నిండుగా నిద్రపోయింది ఆ రాత్రే.

23న నిశ్చితార్థం బాగా జరిగింది. హాల్లో దాదాపు అన్నీ ఎఫ్/4 దగ్గరే తీశాను. శుభ్రం చేయకపోయినా ఆ ఫొటోల్లో మచ్చలు కనబడేవి కావు, ఆ సంగతి నాకు ముందే తెలుసు. కానీ సాయంత్రం చెల్లెనూ పెళ్ళికొడుకునూ మేడ మీదికి తీసుకెళ్ళి, వెనక ఆకాశమంతా పడేలా ఎఫ్/11లో తీసినప్పుడు మనసు నెమ్మదిగా ఉంది. ఆ ఫొటోనే చిన్నమ్మ ఫ్రేము కట్టించింది.

ఫంగస్ లెన్స్‌ను మార్చి 3న కోఠిలో ఒక రిపేరతనికి ఇచ్చాను. నాలుగు రోజులన్నాడు, తొమ్మిది రోజులకు చేతికొచ్చింది. 1,400 తీసుకున్నాడు. పోగులు పోయాయి గానీ, ఫంగస్ గాజు పూతను తిన్న చోట మసక మచ్చ మిగిలింది. అది ఇక పోదని ముందే చెప్పాడు, ఆ నిజాయితీకి సంతోషించాను. ఎదురు ఎండలో తీస్తే ఫొటో కొంచెం తెల్లబారుతుంది, మామూలుగా ఐతే తేడా తెలియదు.

ఇప్పుడు కెమెరా బ్యాగులో ఉండదు. రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా 260, తేమ పీల్చే సిలికా జెల్ అర కిలో 180, తేమ చూపించే చిన్న మీటరు 300. సిలికా జెల్ నారింజ రంగు గింజలు తేమ పట్టాక ఆకుపచ్చగా మారతాయి. అప్పుడు వాటిని పాత మూకుడులో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్ళీ నారింజకు వస్తాయి. ఆ మూకుడు వంటకు వాడట్లేదు. బియ్యంలో పెట్టమని కొందరు చెప్పారు గానీ, బియ్యం పిండి దుమ్మే ఇంకో తలనొప్పి. డబ్బాలో మీటరు 40 శాతానికి 50 శాతానికి మధ్య ఉండేలా చూస్తున్నాను. మొన్న ఆగస్టు వానల్లో గదిలో 78 చూపిస్తుంటే డబ్బాలో 46 ఉంది. వారానికోసారి తీసి రెండు లెన్స్‌లతోనూ పది ఫొటోలు తీసి మళ్ళీ పెడుతున్నాను.

వాపసు డబ్బులు పదకొండు రోజులకు వచ్చాయి. అవి పోగా, ఫంగస్ రిపేరు కాకుండా, మొత్తం 2,230 అయింది. సర్వీస్ సెంటర్‌కు ఇచ్చినా ఇంచుమించు అంతే అయ్యేది. కాకపోతే బ్లోయర్ ఉంది, స్వాబ్‌లు ఇంకా కొన్ని ఉన్నాయి, డబ్బా ఉంది. లెన్స్ మార్చేటప్పుడు ఇప్పుడు కెమెరా ఆపేసి, గాలికి వీపు పెట్టి, నోరు కిందికి తిప్పి మారుస్తాను. వచ్చే మాఘంలో చెర్వుగట్టుకు ఒక్క లెన్స్‌తోనే పోతాను.

కుడిమూల ఆ ఒక్క చుక్క ఇంకా అక్కడే ఉంది. ఎఫ్/16లో ఆకాశం తీస్తే కనిపిస్తుంది. ఫోన్‌లోనే ఒక్క నొక్కుతో చెరిపేస్తున్నాను, లోపల మాత్రం ముట్టుకోలేదు.